నీలం ముడి

ఏడేళ్లుగా మోస్తున్నాను. ఎవరితోనైనా అనాలి, మీతో అంటున్నాను.

బట్టల మిల్లుల ఊరు సచిన్‌లో మా కుట్టుపని షెడ్డుకు సైన్యం పట్టీలు మరమ్మతుకు వచ్చేవి. విమానంలోంచి సామాన్ల పెట్టెలు దించే పారాచూట్ల పట్టీలవి. ఇదివరకు సైన్యం వాళ్లే కుట్టుకునేవారట. తర్వాత మా శేఠ్‌కు కాంట్రాక్టు ఇచ్చారు. కుట్టినవాళ్లం పట్టీ చివర తలా ఒక రంగు దారంతో ముడి వేసేవాళ్లం. నాది పసుపు. నర్సక్కది నీలం.

నర్సక్క నాకు చుట్టమేమీ కాదు. చెయ్యి పట్టుకొని మిషన్ నేర్పింది, తన అన్నం డబ్బాలో సగం నాకు పెట్టింది. "నీ కుట్టు కోడి గీకినట్టున్నదే," అని నవ్వేది. ఆ నవ్వంటే నాకు ప్రాణం.

అందరి పట్టీలకూ బరువు వేలాడదీసి పరీక్షించేవారు. నీలం ముడి కనిపిస్తే వదిలేసేవారు. అక్క చేతి మీద అంత నమ్మకం.

ఆ సాయంత్రం సైన్యం పంపిన దారం అయిపోయింది. స్టోరుకు వెళ్తే ఇంటికి పోయే భేస్తాన్ బస్సు తప్పిపోతుంది. నా సంచిలో చీరలకు లేసు కుట్టే దారం ఉంది. మగ్గాల ఇంట పుట్టినదాన్ని, తేడా వేళ్లకు తెలియదా? తెలుసు. అయినా దాంతోనే కుట్టాను. పసుపు ముడి వేస్తే పరీక్షలో తెగుతుందని అక్క దారం తీసి నీలం ముడి వేశాను. బస్సు కోసమేనా? లేక ఎవరూ అనుమానించని ఆ ముడి ఒక్కసారైనా నా చేతి కింద ఉండాలన్న ఆశ కూడా ఉందా? ఇన్నేళ్లు తవ్వుకున్నా తేలలేదు.

నెల తిరగకముందే పట్టీ తెగి వాపసు వచ్చింది. ట్రయల్‌లో పెట్టె పడి బద్దలైందట. అదృష్టం, కింద మనుషులు లేరు. శేఠ్ అందరి ముందూ పట్టీ చూపించి ఎవరిదని అడిగాడు.

నర్సక్క ముడిని బొటనవేలితో తడిమింది. ఆమెది ఎడమచేతి వాటం. ఆమె ముడి మెలి ఒకవైపు, నాది ఇంకోవైపు.

"మేరాచ్ హై, శేఠ్," అని తనదేనని ఒప్పుకుంది.

ఆ రోజే ఆమెను బస్తాలు కుట్టే పనికి మార్చారు. గేటు దగ్గర ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడ్డాను.

"ఏందే, గట్ల జూస్తున్నవ్? పో, జర అన్నం తిను."

నా ముడేనని తెలిసే తనదని అందా? అడిగే ధైర్యం లేకపోయింది. ఇప్పటికీ ఏటా మామిడికాయ తొక్కు పంపుతుంది. సిగ్గులేకుండా తింటాను. షెడ్డులో ఇప్పుడు ఏ రంగు ముడి ఉన్నా పట్టీకి బరువు కట్టి చూస్తారు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్క మాట అననివ్వండి, చాలు. అక్కా, ఆ నీలం ముడి నేనే వేశాను.