గ్రహణం నాడు దాచిన బూట్లు

ఇది మార్చిలో జరిగింది. అప్పుడే రాయాలనిపించింది గానీ, అప్పటికి నాకు కూడబలుక్కుని చదవడమే వచ్చు, సొంతంగా వాక్యం రాయడం రాదు. మేం పోర్ట్ బ్లెయిర్‌లో పెరిగాం. నాన్న చేపల పడవ మీద, అమ్మ బజారులో. తమ్ముళ్ళనీ చెల్లెల్నీ చూసుకోవడం నా పని. బడి అంటే నాకు దూరంనుంచి వినపడే గంట, అంతే. కెనడాలో, హాలిఫాక్స్‌లో ఉండే కొడుకు దగ్గరికి వచ్చాక, శనివారాలు మనవాళ్ళ పిల్లలకి తెలుగు నేర్పే క్లాసులో వెనక కుర్చీలో కూర్చుని నేర్చుకున్నాను. పిల్లలు నన్ను చూసి నవ్వేవాళ్ళు. నా హోంవర్క్ చూసి రాసుకునేవాళ్ళు కూడా.

కోడలికి అప్పుడు ఏడో నెల. ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం, పొద్దున్నే డ్యూటీ. మావాడు ఆ వారం ఆఫీసు పనిమీద కాల్గరీ వెళ్ళాడు. చంద్రగ్రహణం ఉందని పోర్ట్ బ్లెయిర్ నుంచి చెల్లెలు ముందే చెప్పింది. అక్కడ సాయంత్రం చంద్రుడు లేచేటప్పటికే గ్రహణం పట్టి ఉంటుందట. ఇక్కడ మాత్రం తెల్లవారుజామున, చంద్రుడు దిగిపోయే ముందు పడుతుందని క్లాసులో ఒకావిడ అంది. సరిగ్గా కోడలు బస్సుకి నడిచే వేళ.

నేను కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం వస్తే మా అమ్మ నన్ను చీకటిగదిలో చాప మీద పడుకోబెట్టి కదలనివ్వలేదు. ఆ భయం నాకింకా పోలేదు. కానీ ఆ మాట కోడలితో అనాలంటే నామోషీ. ల్యాబ్‌లో పనిచేసే పిల్ల, నవ్వుతుందేమో. అందుకని అడగడం మానేసి, ఆమె మంచు బూట్లు తీసుకెళ్ళి బట్టలారబెట్టే డ్రయ్యర్‌లో పెట్టి తలుపు మూశాను. బూట్లు లేకుండా ఆ మంచులో ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

పొద్దున ఆమె గుమ్మం దగ్గర వెతికింది, మెట్ల కింద వెతికింది. నన్ను అడిగింది. నాకేం తెలుసమ్మా అన్నాను, స్టవ్ వైపు తిరిగి.

"నేను వెళ్తేగానీ నైట్ డ్యూటీ ఆవిడ ఇంటికి పోలేదు అత్తయ్యా" అని, ఎండాకాలం వేసుకునే గుడ్డ బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయింది.

కిటికీలోంచి చూశాను. ఫుట్‌పాత్ మీద మంచు గడ్డకట్టి మెరుస్తోంది. ఒక చెయ్యి కంచె మీద, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని అడుగు తీసి అడుగు వేస్తోంది. వీధి చివర ఇళ్ళ కప్పుల మీద చంద్రుడు ఒక పక్క కొరికినట్టు ఉన్నాడు. ఆమె తలెత్తనే లేదు. కళ్ళు కాళ్ళ మీదే. వెనక్కి పిలుద్దామని తలుపు తీశాను. పిలిస్తే బూట్లు ఎక్కడున్నాయో చెప్పాలి. తలుపు మళ్ళీ మూసేశాను.

ఎంతోసేపటికి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. నేను చదవగలనని తెలుగులోనే పెట్టింది. "చేరాను. పడలేదు." ఆ రెండు మాటలూ మళ్ళీ మళ్ళీ చదివాను.

ఇక్కడ చంద్రుడు దిగిపోయి తెల్లగా తెల్లారాక చెల్లెలు వీడియో కాల్ చేసింది. అక్కడ అప్పుడే పొద్దుగూకుతోంది. బీచ్ నిండా జనం. చంద్రుడు లేచాడంటారు గానీ వెలుతురులో ఎవరికీ కనపడడు. కాస్త చీకటి పడ్డాక సముద్రం మీద పాత ఇటుకముక్కలా మసగ్గా తేలాడు. చెల్లెలు ఫోన్ పక్కకి తిప్పింది. దాని కూతురు, తనూ కడుపుతోనే ఉంది, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నిలబడి ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలు తింటోంది.

ఇదేంటే, పిల్లని బయటికి తెచ్చావు అన్నాను.

"డాక్టరమ్మ ఏం పర్లేదంది అక్కా. కెనడాలో ఉండి నువ్వు అడుగుతావేంటి? మీ కోడలు చూసిందా?"

మాట వినపడట్లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం ఆమె వచ్చేసరికి బూట్లు గుమ్మం దగ్గర పెట్టి ఉంచాను. తడిసిన మేజోళ్ళు విప్పుతూ వాటికేసి చూసింది.

"దొరికాయా?"

"పోలేదమ్మా. నేనే దాచాను. గ్రహణమని."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఒక్క మాట అడగలేకపోయారా అత్తయ్యా? ముందే చెప్పి డ్యూటీ మార్చుకునేదాన్ని."

ఆ తడి మేజోళ్ళు తీసుకెళ్ళి ఆరేశాను.

మర్నాడు పొద్దున ఆమెకంటే ముందే లేచి బూట్లు హీటర్ దగ్గర వెచ్చబెట్టాను. ఆమె వంగలేకపోతుంటే కింద కూర్చుని తొడిగి, జిప్పు లాగాను. ఆమె వద్దనలేదు. నేనూ కోటు వేసుకుని బయల్దేరాను. ఆమెని కంచె వైపు నడవమని, రెండో పక్క చెయ్యి నేను పట్టుకుని బస్‌స్టాప్ దాకా వెళ్ళాను.