కుక్కను పలకరించడం

మొన్న నందిగామలో మా అపార్ట్‌మెంటు ముందు, అన్నం తింటున్న వీధికుక్కను వాటేసుకోబోయిన మనవరాలిని గబుక్కున వెనక్కి లాగాను. "ఏం చెయ్యదులే అమ్మమ్మా, ముద్దుగా ఉంది" అంది. నాకు మాత్రం మా చెల్లెలు గుర్తొచ్చింది.

మా చిన్నతనం వత్సవాయిలో గడిచింది. ఒకసారి గడ్డివాము పక్కన ఒక వీధికుక్క పిల్లల్ని పెట్టింది. అవి పాలు తాగుతుండగా, అప్పుడే బడిలో కొత్తగా చేరిన మా చెల్లెలు ఒకదాన్ని ఎత్తుకోబోతే తల్లికుక్క చెయ్యి కరిచింది. మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇప్పటిలా చేతికి కాదు, బొడ్డు చుట్టూ వేసేవారు ఆ ఇంజక్షన్లు. నాన్న చెల్లెల్ని భుజాన వేసుకుని జగ్గయ్యపేట బస్సెక్కుతుంటే అమ్మ లోపలికెళ్లి ఏడ్చేది.

కరిచిన రోజే చిన్నాన్న కర్ర తీసుకుని కుక్క మీదికి బయలుదేరాడు. మా మేనత్త అడ్డం నిలబడింది.

"బాలింత పక్కలోంచి బిడ్డనెత్తుకుపోతే ఊరుకుంటదంట్రా? అదీ అంతే."

గాయం మానింది కానీ చెల్లెలి భయం మానలేదు. వీధి చివర మొరుగు వినిపిస్తే చాలు, గడప దాటేది కాదు. బడికి వెళ్లడమే మానేసింది. అప్పుడు మేనత్త రోజూ సాయంత్రం చెల్లెల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, దూరం నుంచే ఆ కుక్కను చూపించేది. చెవులు వెనక్కి వాల్చినా, తోక ముడిచినా దానికి భయమేసిందని అర్థమనీ, తినేటప్పుడు, పడుకున్నప్పుడు, పిల్లలతో ఉన్నప్పుడు దాని జోలికి వెళ్లకూడదనీ, మీదికొస్తే పరుగెత్తకుండా, కళ్లలోకి చూడకుండా కదలక నిలబడాలనీ కథలా చెప్పేది.

"నువ్వు పోమాకే తల్లీ, దాన్నే రానీ. రాకపోతే దానిష్టం."

చాలా రోజులకు, పిల్లలు పెద్దవై ఎటో తిరుగుతున్న ఒక సాయంత్రం, ఆ కుక్క తనంతట తానే వచ్చింది. మేనత్త ఒళ్లో బిగుసుకుపోయిన చెల్లెలు, కరిపించుకున్న ఆ చేతినే మెల్లగా కిందికి జార్చింది. కుక్క వాసన చూసి, కాస్త దూరంలో పడుకుంది. మర్నాడు చెల్లెలు తనే బడిసంచి తగిలించుకుంది.

ఇప్పుడు వీధుల్లో కుక్కలకు కొదవలేదు, పిల్లల ఫోన్లలో ముద్దుముద్దు కుక్కలకూ కొదవలేదు. రెంటికీ మధ్య కూర్చుని, పిల్లలకు అసలు కుక్కను ఓపిగ్గా పరిచయం చేసే మేనత్తలు తగ్గిపోయారు. మనం పిల్లలకు చాలా నేర్పిస్తున్నాం కానీ, ఏమీ చెయ్యకుండా ఒక ప్రాణిని అలా చూస్తూ కూర్చునే సాయంత్రాలను మాత్రం వాళ్లకు ఇవ్వలేకపోతున్నాం.