మా మేనత్త ఎదురు తిరిగిన కేసు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. దేన్నయినా సరే, దాని భాగాలేమిటో ముందు వరసగా రాసుకుంటే, తర్వాత అదే అర్థమైపోతుందని. (ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేమీ కాదు. చేతిలో ఇదే ఫోను ఉండేది, అద్దం మాత్రం ఇంకా పగల్లేదు.) భీమవరంలో ఒక ఐసు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజినీరుగా చేసేవాణ్ణి. కంప్రెసరు, కండెన్సరు, ఉప్పునీళ్ళ ట్యాంకు, ఐసు దిమ్మల్ని పైకి లేపే క్రేను, ఇదే నా లోకం. చెరువుల్లో రొయ్యలు పట్టడం మొదలైందంటే మా గేటు ముందు వ్యాన్లు బారులు తీరేవి. అలాంటివాడికి నేరన్యాయశాస్త్రంలో ఎమ్మే ఎందుకయ్యా అని అడగనివాళ్ళు లేరు. కారణం చాలా చిన్నది. మా గేటు దగ్గర ఇద్దరు వ్యాను డ్రైవర్లు కొట్టుకుంటే నేను సాక్షినయ్యాను. కోర్టుకు రమ్మన్నారు, వెళ్ళాను, వాయిదా. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ వాయిదా. అంతమంది మనుషులు తిరుగుతున్నారు, కాగితాలు చేతులు మారుతున్నాయి, బంట్రోతు పేర్లు పిలుస్తున్నాడు, కేసు మాత్రం ఉన్నచోటే ఉంది. ఏ మిషనైనా ఎక్కడ పట్టేసిందో తెలియకపోతే నాకు అన్నం సయించదు. అందుకని దూరవిద్యలో చేరిపోయాను.

చేరడం తేలికే. ఉద్యోగం చేస్తూ చదవడమే కష్టం. సెక్షన్ల నంబర్లన్నీ చీటీల మీద రాసి కంట్రోల్ ప్యానెల్ పక్కన అంటించుకుని బట్టీ పట్టాను. సరిగ్గా అవి నోటికొచ్చే వేళకి దేశానికి కొత్త చట్టాలొచ్చి నంబర్లన్నీ మారిపోయాయి. (చీటీలు పీకేస్తుంటే మా ఆపరేటరు "ఏంటి సారూ, చదువు మానేశారా?" అని నిజంగానే బాధపడ్డాడు.) రాజమండ్రిలో ఆదివారాలు క్లాసులు. వాటికి వెళ్ళనిచ్చిన మా ఓనరు గారికి నేను ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. "నువ్వు లాయరువీ కావు, పోలీసువీ కావు. అయినా చదువంటున్నావు కదా, వెళ్ళు. ప్లాంటు ఆగితే మాత్రం ఏ కోర్టూ నిన్ను కాపాడదు" అనేవారు. ఆ ప్లాంటు ముందటి ఏడాది ఆగనే ఆగింది, అదీ సరిగ్గా నా ప్రాక్టికల్ రోజున. పరీక్ష పోయింది. ఈసారి కూడా పోతే రిజిస్ట్రేషను రద్దవుతుందనీ, మళ్ళీ మొదటి నుంచీ చేరాల్సిందేననీ స్టడీ సెంటరువాళ్ళు తేల్చి చెప్పారు.

ఆ ప్రాక్టికలంటే నమూనా కోర్టు. ఒక కేసు మేమే తయారుచేసి, వాదించి చూపించాలి. నాది ప్రాసిక్యూటరు వేషం. కేసు నేనే రాశాను: రొయ్యల చెరువు గట్టు మీద నుంచి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటరు మోటారు దొంగతనం. (కథలో మోటారు గురించి నేను రాసినంత వివరంగా కంపెనీవాళ్ళు కూడా రాసి ఉండరు.) నిందితుడు మా క్లాసులోని హెడ్ కానిస్టేబులు. ఆయన్ని అందరం హెడ్డుగారు అనేవాళ్ళం. యానాం రోడ్డులో చెక్‌పోస్టు డ్యూటీ. యానాంలో చవగ్గా దొరికే మందు సీసాలు సీట్ల కింద దాచి "ఏమీ లేవండి" అనేవాళ్ళని చూసీ చూసీ విసిగిపోయాడేమో, నిందితుడి వేషం తనే అడిగి తీసుకున్నాడు. "ఒక్కసారి అటువైపు నిలబడి చూడాలని ఉందండీ" అన్నాడు. నిందితుడి తరఫు లాయరు ఒక స్కూలు టీచరమ్మ. ఇక కళ్ళారా చూసిన సాక్షి కావాలి. సాక్షి క్లాసువాళ్ళు కాకుండా బయటి మనిషై ఉండాలని నిబంధన.

నేనప్పుడు మా మేనత్త ఇంట్లో ఉండేవాణ్ణి. భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పి, ఫ్యాక్టరీలో ఎవరినైనా అడుగుతానన్నాను.

"ఎందుకురా వాళ్ళూ వీళ్ళూ? నేను లేనూ?" అంది అత్త.

"నువ్వా? కోర్టులో మాట్లాడాలత్తా."

"మాట్లాడ్డం నాకు రాదని ఈ వీధిలో ఎవర్నన్నా ఒక్కర్ని చెప్పమను."

మావయ్య కంచంలోంచి తలెత్తలేదు. "ఆవిణ్ణి మాట్లాడించడం తేలికేరా, ఆపడం ఎలాగో నేర్చుకుని వెళ్ళు" అన్నాడు.

సాక్ష్యం నేనే రాసి అత్త చేతికిచ్చాను. తెల్లవారుజామున గట్టు మీద నడుస్తూ, ఫలానా మనిషి మోటారు భుజాన వేసుకుని పోతుంటే చూశానని. అత్త వంటింట్లో పోపు వేస్తూ ఒకటికి పదిసార్లు అప్పజెప్పింది. "భుజాన వేసుకుని" అన్నచోట గరిటె భుజాన వేసుకుని చూపించేది కూడా. నేనైతే పెద్ద చార్టు గీశాను. నా ప్రశ్న ఒక గడిలో, అత్త జవాబు పక్క గడిలో, జవాబు తడబడితే ఏం అడగాలో ఇంకో గడిలో, టీచరమ్మ అభ్యంతరం చెప్తే ఏమనాలో ఆ పక్కన. లీకేజీ అయ్యే చోటు ఒక్కటి కూడా వదల్లేదనుకున్నాను.

ఆ ఆదివారం అత్త పట్టుచీర కట్టుకుని, పెద్ద క్యారేజీ నిండా పులిహోరా, మరో డబ్బా నిండా బూరెలూ పట్టుకుని బస్సెక్కింది. "సాక్ష్యానికి బూరెలెందుకత్తా?" అంటే "పదిమంది మధ్యకి ఉత్త చేతుల్తో వెళ్తామేంట్రా?" అని నన్నే కోప్పడింది. నా కేసు అక్కడే దెబ్బతింది, నాకు తెలియలేదు. మధ్యాహ్నం అందరికీ అత్తే వడ్డించింది. హెడ్డుగారు ఆమెకి కుర్చీ తెచ్చి వేశాడు, మంచినీళ్ళు అందించాడు. వాళ్ళమ్మగారికీ మోకాళ్ళ నొప్పులేనని తెలిసింది. ఏ నూనె రాస్తే తగ్గుతుందో అత్త చెప్పింది. "ఆయ్, అలాగేనండమ్మా, సాయంత్రమే తీసుకెళ్తానండి" అంటూ ఆయన మూడో బూరె తిన్నాడు. నేను ఒక మూల నా చార్టు చూసుకుంటూ కూర్చున్నాను.

మార్కులు వేయడానికి ఒక రిటైర్డు మేజిస్ట్రేటు గారు వచ్చారు. జడ్జి కుర్చీలో ఆయనే కూర్చున్నారు. అత్తను సాక్షి బోను దగ్గరకు పిలిచి, దేవుని మీద ప్రమాణం చేసి అంతా నిజమే చెప్తానని అనమన్నారు. అత్త చెయ్యెత్తబోయి ఆగింది.

"ఒక్క మాటండి. ఇది నిజం ప్రమాణమేనాండి, నాటకం ప్రమాణమాండి?"

జడ్జిగారు తన వేషంలో పూర్తిగా లీనమై ఉన్నారు. "కోర్టులో నాటకాలుండవమ్మా. ప్రమాణమంటే ప్రమాణమే" అన్నారు గంభీరంగా.

అత్త ముఖం మారిపోయింది. పాలకొల్లు గుళ్ళో క్షీరారామలింగేశ్వరుడి ముందు కళ్ళు మూసుకున్నప్పుడు ఎలా ఉంటుందో అలా అయిపోయింది. ప్రమాణం చేసింది. నేను చార్టు తీశాను.

"సాక్షి గారూ, మీ పేరు?"

"నీకు తెలీదేంట్రా?"

హాలంతా నవ్వింది. (ఈ జవాబుకి గడి లేదు. అయినా సర్దుకున్నాను.) "ఆ రోజు తెల్లవారుజామున చెరువు గట్టు మీద మీరెవర్ని చూశారు?"

"నేను ఏ గట్టుకీ వెళ్ళలేదండి."

"బాగా ఆలోచించి చెప్పండి."

"ఆలోచించడానికేముందండి? నాకు మోకాళ్ళ నెప్పులు. గట్టెక్కి ఎన్నాళ్ళయిందో."

"ఎదురుగా ఉన్న ఈ నిందితుడు మోటారు భుజాన వేసుకుని వెళ్తుంటే చూడలేదా?"

టీచరమ్మ లేచి అభ్యంతరం చెప్పింది. ఆమె నోరు మూసేలోపే అత్త అందుకుంది. "ఆ బాబునాండి? ఈయన్ని నేను ఇవాళే చూడ్డమండి. కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు, తల్లిని దగ్గరుంచుకుని చూసుకుంటున్నారు. అలాంటాయన మోటారెందుకు ఎత్తుకెళ్తారండి?"

ఎదుటి బోనులో హెడ్డుగారు చేతులు కట్టుకుని, తలొంచుకుని నిలబడ్డాడు. భుజాలు మాత్రం నవ్వుకి కదులుతున్నాయి. రిజిస్ట్రేషను రద్దయినట్టు, ఓనరు గారు "నే చెప్పలా?" అన్నట్టు నా కళ్ళకు కనిపిస్తోంది. సాక్షి ఎదురు తిరిగితే ఏం చేయాలో పుస్తకంలో చదివింది ఒక్కటే గుర్తొచ్చింది. "అయ్యా, ఈ సాక్షి ప్రాసిక్యూషనుకు ప్రతికూలంగా మారారు. అడ్డు ప్రశ్నలు వేయడానికి అనుమతించండి" అన్నాను. సొంత మేనత్తనే.

"ప్రతికూలమేంట్రా? మీ నాన్నకి నేను ఏనాడన్నా ఎదురు చెప్పానా?"

"సాక్షి గారూ, పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో మీరు చూశానన్నారు కదా?"

"అది నువ్వు రాసిందే కదరా! మన వంటింట్లో కూర్చుని!"

ఈసారి జడ్జిగారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. చార్టులో ఇంకా చాలా ప్రశ్నలున్నాయి. ఆవిణ్ణి తికమకపెట్టి, అరిచి, "ఆ చూశానులే, వదిలెయ్" అనిపించడం నాకు కష్టం కాదు. కానీ చెయ్యి ఇంకా సగం ఎత్తే ఉంచి, నా వైపు బెదురుగా చూస్తున్న ఆ మనిషిని చూశాక నోరు రాలేదు. చార్టు మడిచి జేబులో పెట్టుకున్నాను. "నాకింక ప్రశ్నలు లేవండి. ఈ సాక్ష్యంతో నేరం రుజువైందని నేను చెప్పలేను" అని కూర్చున్నాను. నా ఎమ్మే కూడా అక్కడే కూర్చుందనుకున్నాను.

నిందితుణ్ణి విడుదల చేశాక జడ్జిగారు అత్తకి నమస్కారం పెట్టారు. "నా సర్వీసంతా ఎదురు తిరిగిన సాక్షుల్ని చూస్తూనే ఉన్నానమ్మా. నిజం చెప్పడానికి ఎదురు తిరిగినావిడ మీరొక్కరే." తర్వాత నా వైపు తిరిగారు. "ఇవాళ మిగతావాళ్ళ సాక్షులందరూ చిలకల్లా అప్పజెప్పి దిగిపోయారయ్యా. సాక్షి జారిపోతే ప్రాసిక్యూటరు ఏం చేయాలో చూపించే అవకాశం నీకే వచ్చింది. అడగాల్సింది అడిగావు. ఆపాల్సిన చోట ఆపావు. పాసయ్యావులే, వెళ్ళు."

ఆ మాటలు వినడానికి అత్త అక్కడ లేదు. ఖాళీ క్యారేజీ సర్దుకోవడానికి వెళ్ళిపోయింది. నేనేమో, పాసైన తబ్బిబ్బులో ఆమెకి చెప్పడమే మర్చిపోయాను. బస్సు గోదావరి బ్రిడ్జి దాటేదాకా అత్త ఒక్క మాట మాట్లాడలేదు. (మావయ్య చూసుంటే నమ్మేవాడు కాదు.) చివరికి కిటికీ వైపు చూస్తూనే అడిగింది.

"నా మూలాన నీ చదువు పోయిందేంట్రా?"

"లేదత్తా, పాసయ్యాను."

"సన్నాసీ! ఆ మాట ముందే చెప్పొచ్చుగా! ఎక్కిన కాణ్ణించీ శివయ్యకి మొక్కుకుంటూనే ఉన్నాను!" చీర కొంగు సర్దుకుని, "అయితే నా వల్లే పాసయ్యావన్నమాట" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఇంతకీ ఆ మోటారు ఎవరు తీసుంటారంటావు?"

పట్టా వచ్చింది. ఉద్యోగం మారలేదు. అదే ఐసు ఫ్యాక్టరీ, అవే దిమ్మలు. ఎమ్మే వల్ల ఏం ఒరిగిందని ఇప్పటికీ కొందరు అడుగుతారు. ఒరిగింది ఒకటుంది. మిషను పాడైనప్పుడల్లా ఒక షిఫ్టువాళ్ళు ఇంకో షిఫ్టు మీద చెప్తారు. అప్పుడు "మీరు కళ్ళారా చూశారాండి?" అని అడుగుతాను. సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. ఆ ప్రశ్న నాకు నేర్పింది ఏ పుస్తకమూ కాదు.

హెడ్డుగారు ఇటు డ్యూటీ పడితే మా అత్త ఇంటికి భోజనానికి వస్తాడు. వాళ్ళమ్మగారికి నూనె పనిచేసిందట. అత్త ముందు ఆయనకే వడ్డిస్తుంది, మొదటి బూరె ఆయన విస్తట్లోకే. ప్రాసిక్యూషను వంతు తర్వాతే. ఆ చార్టు నా దగ్గర ఇంకా ఉంది. అప్పుడప్పుడూ తీసి చూస్తాను. ఎంత శ్రద్ధగా గీశాడో పాపం ఆ కుర్రాడు! సాక్షి తడబడితే గడి ఉంది, మర్చిపోతే గడి ఉంది, భయపడితే గడి ఉంది. నిజం చెప్తే ఏం చేయాలో మాత్రం ఒక్క గడి కూడా గీసుకోలేదు.