గ్రీకు దేవతకు నేను పెట్టిన చేతులు

నా తెలివి వల్ల ఒక తండ్రి ప్రయాణం ఆగిపోయిన కథ ఇది. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. ఆనాటి నన్ను తలుచుకుంటే నాకే ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత అన్నం సహించదు.

ప్రపంచకప్పు ముంచుకొస్తోందని దోహా అంతా ఉరుకులు పరుగులు. వెస్ట్ బేలో ఒక హోటల్ లాబీకి మేం ప్లాస్టర్ పని చేస్తున్నాం. దాన్ని పాతకాలపు గ్రీసు, రోములాగా చేయాలట. ఎటు చూసినా స్తంభాలు, సింహాలు, ఒంటిమీద గుడ్డ నిలవని మగవాళ్ళు. ఆ దేశాల్లో దర్జీలు లేరేమోనని మాకు అనుమానం.

ఒక పొద్దున మా ఊరి మల్లేశ్ కొత్తగా వచ్చిన పెట్టె విప్పి గొల్లుమన్నాడు. లోపల నిలువెత్తు దేవత. రెండు చేతులూ లేవు.

"అన్నా, దించేటప్పుడు పెట్టె జారింది. నేనే ఇరగ్గొట్టిన. ఇగ నన్ను ఇంటికి పోనిస్తరా?"

అతను ఖతర్ వచ్చాక పుట్టిన కూతురిని ఇంతవరకు ఫోన్లోనే చూశాడు. లాబీ పని అయిపోగానే సెలవు. గౌను కూడా కొనిపెట్టుకున్నాడు.

"ఏడ్వకురా, నేను లేనా?" అన్నాను. ఆ మాటే కొంప ముంచింది. విరిగితే ముక్కలు పెట్టెలో ఉండాలి కదా అన్న బుద్ధి ఇద్దరిలో ఒక్కరికీ పుట్టలేదు. పైగా విరిగిన విగ్రహం అరిష్టమని వింటూ పెరిగినవాణ్ణి. అందరూ భోజనాలకు పోగానే భుజాల్లోకి ఇనప కడ్డీలు దింపి, ప్లాస్టర్ మెత్తి రెండు చేతులు పెట్టాను. ఒకటి అభయహస్తం, రెండోదాంట్లో తామరపువ్వు. దసరాకు దుర్గమ్మ బొమ్మలు చేసిన అనుభవం ఎక్కడికి పోతుంది? మల్లేశ్ దండం కూడా పెట్టాడు.

మా ఫోర్‌మన్ సలీం భాయ్‌ది హైదరాబాద్. వచ్చి, చూసి, తల పట్టుకున్నాడు.

"అరె, ఏం జేసినవ్‌రా! గ్రీకోళ్ల అసలు బొమ్మను భూమిలకెళ్లి తవ్వి తీసిననాడే చేతుల్లెవ్వు. గిది దాని నకలు!"

"మరి మల్లేశ్ ఇరగ్గొట్టలేదా భాయ్?"

"ఇరగ్గొట్టనీకి ఉన్నదెక్కడ? యల్లా, జల్ది తీసెయ్!"

తీశాను. చేతులతోపాటు భుజాలు, సగం మెడ ఊడొచ్చాయి. కొత్త దేవత ఓడలో రావాలి. ఆమె వచ్చి నిలబడేదాకా మా జట్టులో ఎవరికీ సెలవు లేదన్నారు.

ఆ సాయంత్రం మేముండే క్యాంపులో మల్లేశ్ ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. అవతల ఆ పిల్ల, ఎత్తుకోమని రెండు చేతులూ చాపుతోంది. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆ దేవతకైతే చేతుల్లెవ్వు అన్నా," అన్నాడు. "నాకు ఉండి ఏం ఫాయిద?"

ఆ రోజే ఒట్టేసుకున్నాను. ఇకమీదట ఏ దేశపు దేవత చేతుల్లేకుండా ఎదురైనా, ముందు పెట్టెలో ముక్కలు వెతుకుతాను. దొరక్కపోతే దండం పెట్టి పక్కకు తప్పుకుంటాను.