కెమెరా లేకుండా పడ్డ ఫోటో

దయ్యాల మాట ఎత్తితే చాలు, మా ఇంట్లో ముందు ఎగతాళి మొదలుపెట్టేది నేనే. కంప్యూటర్లతో బతికేదాన్ని, కారణం లేకుండా ఏదీ జరగదని నా ధీమా. ఇది చదివి మీరు నవ్వినా తప్పు పట్టను.

మాది జంషెడ్‌పూర్, కద్మా. బిష్టుపూర్‌లో ఒక చిన్న ఆఫీసులో డ్రైవర్లు రాస్తాను. అంటే కంప్యూటరుకు తగిలించిన పరికరాలను నడిపే ప్రోగ్రాములు. అప్పట్లో నా చేతిలో ఉన్నది ఒక కెమెరా కార్డు. అది ఫోటోలను ప్రాసెసర్‌తో పని లేకుండా నేరుగా మెమరీలో పెట్టేస్తుంది. మెమరీలో ఆ కార్డు ఎంత దూరం చెయ్యి చాపొచ్చో డ్రైవరు ముందే హద్దు చెప్పాలి. పాత కోడు ఆ ఒక్క పనికి చాంతాడంత ఉండేది. పెద్ద హద్దు అడగడం, కుదరదంటే చిన్నది అడగడం, మళ్ళీ అదే పాట ఇంకోసారి. అదంతా కొట్టేసి ఒక్క లైను రాశాను.

పరీక్షించాల్సిన రోజు విశ్వకర్మ పూజ. మా ఊళ్ళో ఆ రోజు పనిముట్లకు పూజ చేసి వదిలేస్తారు, పని చేయించరు. ఇంటికి తెచ్చుకున్న నా టెస్ట్ మిషనుకు కూడా అమ్మ బొట్టు పెట్టి బంతిపూలు వేసింది. సాయంత్రంలోగా కోడు పంపాలి. పూలు పక్కకు జరిపి స్విచ్ వేశాను.

"పూజనాడు మిషను ముట్టుకుంటారేటే? ఆపీ!" అంది అమ్మ. నవ్వేశాను.

కార్డుకు కెమెరా తగిలించనే లేదు. తెర నల్లగా రావాలి. ఫోటో వచ్చింది. ఎవరో పైనుంచి తీసినట్టు ఒక షెడ్డు, క్రేను కొక్కెం, దాని దగ్గర ఒక మనిషి. ముఖం కనబడలేదు. గళ్ళ చొక్కా మాత్రం గుర్తుపట్టాను. ఆ పొద్దున్నే అమ్మ మడత విప్పి అన్నయ్యకు ఇచ్చిన కొత్త చొక్కా.

అన్నయ్య ఒక ప్రైవేటు వర్క్‌షాపులో క్రేను మెకానిక్. అక్కడ ఒక్క కెమెరా కూడా లేదు. వెంటనే ఫోన్ చేశాను.

"ఏటే, ఇక్కడ పూజ జరగతంది. కొక్కేనికి దండేత్తన్నాను. బాద్ మే ఫోన్ సేత్తాను."

"అమ్మకి బాలేదు! ఏటీ వినబడతలేదు, బయటికొచ్చి మాటాడన్నియ్యా!"

పచ్చి అబద్ధం. కంగారుగా బయటికి వచ్చాడు. వచ్చాడో లేదో, ఫోనులో పెద్ద చప్పుడు, ఆ వెంటనే అరుపులు. క్రేను తాడు తెగి, అప్పటిదాకా అన్నయ్య ఉన్న చోటే కొక్కెం పడింది. దేవుడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

తర్వాత పాత కోడు వేసి చూశాను, కొత్త కోడు వేసి చూశాను. నలుపే. మెమరీలో పాత ఫోటో ఏదో మిగిలి ఉంటుందన్నారు ఆఫీసులో. మరి ఆ రోజే తొడుక్కున్న కొత్త చొక్కా పాత ఫోటోలోకి ఎలా వస్తుంది? నాకూ తెలీదు. ఇప్పుడు ఆ పండగనాడు మిక్సీ కూడా ముట్టుకోను.

"ఆ ఫోటోలో ఎలాగున్నానే?" అని అన్నయ్య నవ్వుతూ అడుగుతుంటాడు. దండ వేస్తున్నావని చెబుతాను. అసలు సంగతి చెప్పడానికి నాకు నోరు రాదు.

ఆ ఫోటోలో కొక్కెం అప్పటికే నేల మీద ఉంది. దాని కింద నుంచి ఆ చొక్కా చెయ్యి ఒక్కటే కనబడుతోంది.