తాళింపు వేయని మూడు రోజులు

నా చిన్నప్పుడు మా ఇళ్ళల్లో ఒంటి మీద పొక్కులు లేచి జ్వరం వస్తే దాన్ని జబ్బు అనేవాళ్ళు కాదు. అమ్మవారు వచ్చింది అనేవాళ్ళు. వచ్చిన అమ్మవారు తిరిగి వెళ్ళేదాకా ఆ ఇంటివాళ్ళకు బోలెడు కట్టుబాట్లు. గడపకు వేపాకు కట్టాలి, తల దువ్వుకోకూడదు, వచ్చినవాళ్ళను రమ్మనకూడదు, పోయేవాళ్ళను పోయిరమ్మనకూడదు. అన్నిటికంటే గట్టి నియమం తాళింపుది. నూనె కాగి ఆవాలు చిటపటమంటే అమ్మవారి ఒళ్ళు కాలుతుందట. అన్నం ఉడికేది, పప్పు ఉడికేది, తాళింపు మాత్రం పడేది కాదు. ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఈ నియమాన్ని తలచుకుంటే చాలామందికి నవ్వొస్తుంది, నాకు మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది.

మేం నగర్తపేటలో ఒక వఠారంలో ఉండేవాళ్ళం. వీధిలోకి ఒకటే వాకిలి, లోపల చుట్టూ ఆరు ఇళ్ళు, నడుమ కొళాయి. ఒక ఇంట్లో తుమ్మితే పక్కింటివాళ్ళు చిరంజీవ అనేంత పల్చటి గోడలు. మా నాన్న జరీ దుకాణంలో పనిచేసేవాడు. ఇంట్లో పెత్తనమంతా మా అవ్వది, అంటే నాన్నను కన్నతల్లిది. పసిపిల్లలకు నీళ్ళు పోయడంలో అవ్వ చేతికి పేటంతా పేరు. పీట మీద కూర్చుని కాళ్ళు బార్లా చాపి, ఆ కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టి, నూనె మర్దన చేసి వేడి నీళ్ళు పోస్తే, ఎంత ఏడ్చే బిడ్డయినా మధ్యాహ్నం దాకా మళ్ళీ లేచేది కాదు. ఎదురింటి అక్కకు అప్పుడు నెల బిడ్డ. ఇంకా పేరు కూడా పెట్టని ఆడపిల్ల. రోజూ వంటవేళకు అక్క నూనె గిన్నె ఒక చేత్తో, బిడ్డను ఒక చేత్తో పట్టుకుని మా ఇంటికి వచ్చేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాలుగేళ్ళ మా చెల్లెలికి జ్వరం వచ్చి, ముఖం నిండా పొక్కులు లేచాయి. నాకు బడిలో టీకా వేశారు. చెల్లెలికి వేయించలేదు, టీకాలవాళ్ళు వచ్చినప్పుడల్లా అవ్వ దాన్ని అటక మీద దాచేది. అవ్వ చెల్లెల్ని నడిమింట్లో పడుకోబెట్టి తలుపు మూసింది. కానీ ఈసారి గడపకు వేపాకు కట్టలేదు. పేటలో ఎవరో ఒక ఆడమనిషి, అట్ట మీది బొమ్మ ఒకటి చేత పట్టుకుని, ఇట్లాంటి బిడ్డ ఎక్కడుందని ఇల్లిల్లూ తిరుగుతోందని, దొరికిన బిడ్డను బండిలో ఎక్కించుకుని పోతే మళ్ళీ రాదని అందరూ చెప్పుకుంటున్నారు. అవ్వ వేపాకును చెల్లెలి దిండు కింద పెట్టి, ఇంటి గుట్టు లంకకు చేటు అని మా అందరికీ చెప్పింది. ఎవరైనా అడిగితే చెల్లెలు హొసకోటెలో అత్త ఇంటికి పోయిందని చెప్పమంది. అవ్వ మాటకు నాన్నే ఎదురు చెప్పడు, నేనెంత.

బయటికి అంతా మామూలుగా ఉండాలి. అందుకని అవ్వ ఎదురింటి బిడ్డకు నీళ్ళు పోయడం మానలేదు. మానేస్తే ఎందుకు మానావని అడుగుతారు. నడిమింట్లో చెల్లెలి ఒళ్ళు తుడిచి, బయటికి వచ్చి, పసుపు నీళ్ళతో చేతులు కడుక్కుని, కాళ్ళు చాపి ఆ పసిదాన్ని అందుకునేది. నాకు అంటు రోగమంటే ఏమిటో తెలియదు. అయినా ఆ చేతులు ఆ లేత వీపు మీద జారుతుంటే చూడలేక ముఖం తిప్పుకునేదాన్ని. మూసిన తలుపు వెనక నుంచి చెల్లెలి మూలుగు వినిపించేది. అప్పుడు అవ్వ నీళ్ళు పోస్తూ పాడే పాట గొంతు పెంచేది. ఏమి ఆ చప్పుడని అక్క అడిగితే, పిల్లి అని చెప్పి మళ్ళీ పాట అందుకునేది. పసిది ఆ పాటకు కళ్ళు మూసుకుని హాయిగా పడుకునేది.

రెండో రోజు సాయంత్రం ఆ బొమ్మ ఆమె మా వఠారంలోకి వచ్చింది. రాక్షసి లాంటి మనిషిని ఊహించుకున్నాను. వచ్చింది మా అమ్మ వయసు ఆవిడ, నలిగిన నూలు చీర, భుజాన సంచి, ముఖమంతా పాత మశూచి మచ్చలు. ఊరి కన్నడం కాదు, మాలాంటి తెలుగే మాట్లాడింది. పెద్దవాళ్ళను అడక్కుండా ఆడుకుంటున్న పిల్లల్ని దగ్గరికి పిలిచి అట్ట మీది బొమ్మ చూపించింది. అందులో ఒక బిడ్డ ముఖం. ముఖంలో వేలు పెట్టే చోటు లేకుండా పొక్కులు. వాటి నడుమ నుంచి రెండు కళ్ళు మాత్రం మామూలుగా, ఫోటో తీసేవాణ్ణి చూస్తున్నట్టు మావైపు చూస్తున్నాయి. ఆ పొద్దున నడిమింట్లో నేను చూసిన ముఖం అదే. ఎవరో దొంగతనంగా మా ఇంట్లోకి వచ్చి చెల్లెలి బొమ్మ తీసుకుపోయారనుకున్నాను.

"ఇట్లాంటి బిడ్డని ఎక్కడన్నా చూసినావా పాపా?" అని ఒక్కొక్కరినే అడుగుతూ నా దగ్గరికి వచ్చింది.

"మా చెల్లెలు హొసకోటెలో ఉండాది," అన్నాను.

ఆమె నా చెల్లెల్ని అడగనే లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే అదే. ఆమె నా కళ్ళల్లోకి కాసేపు చూసి, బొమ్మ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

మూడో రోజు సరిగ్గా వంటవేళకు మళ్ళీ వచ్చింది. ఈసారి ఎవరినీ ఏమీ అడగలేదు. కొళాయి పక్కన నిలబడి ఊరికే వింటూ ఉంది. నేను మా వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఆమెనే చూస్తున్నాను. మొదటి ఇంట్లో ఆవాలు చిటపటమన్నాయి. తర్వాత దాని పక్కింట్లో. ఇంకో ఇంట్లోంచి ఇంగువ వాసన, మరో ఇంట్లో కరివేపాకు వేసిన చుయ్ మనే చప్పుడు. అక్క ఇంట్లో కూడా తాళింపు పడింది. ఐదు ఇళ్ళు అయ్యాయి. మా ఇంట్లో అమ్మ ఉడికిన పప్పు ముందు గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆవాల డబ్బా పక్కనే ఉంది. ఒక్క చెంచా నూనె కాచి నాలుగు ఆవాలు వేస్తే గండం గడిచేది. మా అవ్వ పేటనంతా మోసం చేయగలిగింది గానీ అమ్మవారి నియమం తప్పడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. వఠారమంతా ఘుమఘుమలాడుతుంటే మా వాకిట్లో మాత్రం ఏ వాసనా లేదు. ఆ క్షణంలో నాకు మా ఇంట్లో నిజంగానే అమ్మవారు వచ్చి కూర్చుందని, ఆమె కూడా మాతోపాటు చెవి ఒగ్గి వింటోందని అనిపించింది.

బొమ్మ ఆమె మెల్లిగా మా వాకిలి వైపు తిరిగింది. వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. అప్పుడే ఎదురింటి తలుపు తెరుచుకుని అక్క బిడ్డతో, నూనె గిన్నెతో బయటికి వచ్చింది. బొమ్మ ఆమె ఆ బిడ్డను చూసింది, నన్ను చూసింది. నాతోనే మాట్లాడుతున్నట్టు, లోపలున్న అవ్వకు కూడా వినపడేటట్టు చెప్పింది.

"ఊర్లోకి అమ్మ వస్తే తమటె కొట్టి అందరికీ చెప్తారు గదా పాపా. మీ ఇంటికి వస్తే ఎందుకు దాచిపెట్టినారు? దాచేది దొంగసొత్తును గానీ అమ్మను కాదు."

అక్క ఇంకో నాలుగు అడుగుల్లో మా ఇంట్లో ఉంటుంది. నేను లేచి వాకిలికి అడ్డంగా రెండు చేతులూ చాపాను.

"రావద్దక్కా. చెల్లెలు లోపలే ఉండాది."

అక్క కేకలు పెట్టలేదు. నూనె గిన్నెను జాగ్రత్తగా కొళాయి గట్టు మీద పెట్టింది. బిడ్డను కొంగులో చుట్టుకుని, మా వాకిలి మీంచి చూపు తిప్పకుండా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ తన ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. అవ్వ బయటికి వచ్చింది. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు. కళ్ళు తెరిస్తే అవ్వ తన చేతుల్ని తనే చూసుకుంటూ నిలబడి ఉంది.

బొమ్మ ఆమె లోపలికి పోయి చెల్లెలి అరచేతులు, అరికాళ్ళు తిప్పి చూసి, సంచిలోంచి కాగితం తీసింది. పొక్కులు లేచి ఎన్ని దినాలయిందని అడిగితే, దుకాణం నుంచి అన్నానికి వచ్చిన నాన్న నిన్ననే లేచాయన్నాడు. నేను మూడు అన్నాను. ఒక దినం తప్పు చెప్తే ఆ దినం మీ ఇంటికి వచ్చిన మనిషి మాకు దొరక్కుండా పోతాడప్పా అని ఆమె నాన్నతో నెమ్మదిగానే చెప్పింది. ఆ మూడు రోజుల్లో మా గడప తొక్కినవాళ్ళందరినీ రాసుకుంది. పసిదానికి పేరు లేదు గనక ఎదురింటి బిడ్డ అని రాసింది. ఈ కాగితం ఎక్కడికి పోతుందని అడిగాను. దిల్లీ దాకా పోతుందట. దేశంలో ఏ మూల ఈ ముఖం కనపడినా అక్కడ పటం మీద ఒక గుండుసూది గుచ్చుతారట. ఎవరో తెలియనివాళ్ళు అంత దూరాన మా ఇంటి మీద సూది గుచ్చుతారంటే నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు.

అందరూ భయపడినట్టు బండి రాలేదు. వఠారం వాకిట్లో ఒక కాపలా మనిషిని పెట్టారు. లోపలివాళ్ళకు, పసిదానితో సహా, ఆ పూటే టీకాలు వేశారు. ఆమె రోజూ వచ్చి చెల్లెల్ని, ఎదురింటి బిడ్డను చూసి పోయేది. ఒకరోజు అవ్వ దగ్గర కూర్చుని తన సంగతి చెప్పింది. తన చిన్నతనంలో వాళ్ళమ్మ కూడా తనను ఇట్లాగే దాచిందట. "నేను బతికినా అవ్వా. మా వీధిలో ముగ్గురు బిడ్డలు పోయినారు," అని చెప్పి లేచి వెళ్ళింది.

పన్నెండో రోజు ఎదురింటి బిడ్డకు జ్వరం వచ్చింది. టీకా కాస్త ఆలస్యమయినా పనిచేసిందేమో, మూడు పొక్కులతో సరిపోయింది. బిడ్డ బతికింది. చెల్లెలు కూడా ముఖం నిండా మచ్చలతో బతికింది. మా అవ్వ మాత్రం ఆ తర్వాత బతికిన పద్నాలుగేళ్ళలో ఏ పసిబిడ్డకూ నీళ్ళు పోయలేదు. ఎవరైనా తెచ్చి ఒళ్ళో పెట్టబోతే చేతులు కొంగులో దాచుకునేది.

పెద్దయ్యాక నాకు ఆరోగ్య శాఖ ఆఫీసులోనే గుమాస్తా పని దొరికింది. ఎక్కడ ఏ అంటు రోగం కనిపించిందో వారం వారం ఊళ్ళ నుంచి కాగితాలు వచ్చేవి, అన్నీ కలిపి పైకి పంపేవాళ్ళం. ఇప్పుడు అదంతా ఫోన్లలోనే చేస్తున్నారు. ఏ ఊరి కాగితమైనా ఖాళీగా వస్తే ఆ ఊళ్ళో రోగం లేదని నేను ఎన్నడూ అనుకోలేదు. ఫోన్ చేసి విసిగించేదాన్ని. తోటివాళ్ళు చాదస్తం అనేవాళ్ళు. మొన్నటి కరోనాలో మా అపార్టుమెంటులో దగ్గు వినపడకుండా టీవీ గొంతు పెంచినవాళ్ళను చూశాను. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు, భయమే వేసింది. మా అవ్వ చెడ్డది కాదు. మా చెల్లెల్ని ప్రాణంలా చూసుకుంది. ఆ ప్రేమతోనే ఆ మూడు రోజులూ ఎదురింటి బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. ఆ సంగతి ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

ఆ బిడ్డకు ఇప్పుడు బళేపేటలో గాజుల దుకాణం ఉంది. వాళ్ళమ్మ పోయింది. కిందటి నెల నేను దుకాణానికి పోతే, కనుబొమ్మ మీది గుంట మచ్చ చూపించి, ఇది ఎట్లా వచ్చిందో అమ్మ ఎప్పుడూ చెప్పలేదక్కా, నీకు తెలుసునా అని అడిగింది. యాభై ఏళ్ళుగా ఆ మచ్చను చూస్తూనే ఉన్నాను, ఒక్కసారీ నోరు విప్పలేదు. దుకాణంలో కూర్చుని ఇదంతా, ఇక్కడ రాసినట్టే, ఆమెకు చెప్పాను. ఆమె గాజుల పెట్టె మూత పెట్టి నావైపు తిరిగింది.

"ఆ మూడు దినాలూ నన్ను మీ ఇంట్లోకి తెస్తావుంటే నువ్వు అక్కడే ఉండావా అక్కా?"

ఉన్నానని చెప్పాను.