యారాలి చుక్కలు

నారాయణఖేడ్‌లో రక్తపరీక్షకు వచ్చినవాళ్లు చాలాకాలంగా మొదట అడిగే మాట ఒకటే: "మల్లీశ్వరి ఉన్నదా?" నరం దొరకని ముసలివాళ్లకూ, సూదిని చూస్తేనే గుక్కపట్టే పిల్లలకూ ఆమె చేయే కావాలి. మనూర్ పక్క పల్లెలో పుట్టి, సంగారెడ్డిలో ల్యాబ్ కోర్సు చదివి, ఖేడ్ కోడలైన మల్లీశ్వరికి ఆ పేరంటే ప్రాణం. నీ చేయి తేలిక అని ఊరంతా అంటుంటే ఎవరికి మాత్రం చేదు? చిక్కల్లా ఆ మాట ఇంకొకరికి పడినప్పుడే.

హైదరాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థ దవాఖాన వెనక రెండు గదులు కిరాయికి తీసుకుని టీబీ మీద పని మొదలుపెట్టినప్పుడు మొదట పిలిచింది ఆమెనే. పని పెరిగి ఇంకో మనిషి కావాలన్నప్పుడు, "మా యారాలున్నది సార్, డిగ్రీ చదివింది" అని మరిది ప్రతాప్ భార్య గీతను తీసుకొచ్చిందీ ఆమెనే. కాబట్టి తర్వాత జరిగినదానికి ఎవరినీ తిట్టుకోవడానికి లేదు. అయినా తిట్టుకుంది, అది వేరే సంగతి.

అక్కడ చేసే పని ఇది. రక్తంలోంచి తెల్లకణాలను వేరుచేసి, చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో పోస్తారు. టీబీ క్రిమి తాలూకు ముక్క ఒకటి వాటి మీద వేస్తారు. ఆ క్రిమిని ఇదివరకే ఎరిగిన కణం ఏదైనా ఉంటే, కూర్చున్న చోటే ఒక ప్రొటీన్‌ను వదులుతుంది. గుంట అడుగున పూసిన మందు దాన్ని అక్కడికక్కడే పట్టేసుకుంటుంది. మర్నాడు కణాలను కడిగేసి రంగు వేస్తే, ప్రొటీన్ పడ్డచోట నీలం చుక్క తేలుతుంది. ఒక చుక్క అంటే ఒక కణం. ఇందుకోసం ప్లేటు తెల్లవార్లూ ఒంటి వెచ్చదనంలో, కదలకుండా ఉండాలి. కదిలితే కణం దొర్లుతుంది, చుక్కకు తోక వస్తుంది. ఆ వెచ్చని పెట్టెను ఇద్దరూ గరం డబ్బా అంటారు.

ఖేడ్ ప్లేట్లలో అంచు గుంటల చుక్కలు ఎప్పుడూ మసకే. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టబోతే ఒక్కో కంటికి ఒక్కోలా కనిపించేవి. అందుకని హైదరాబాద్ నుంచి వచ్చే డాక్టర్ సుధాకర్ ఇద్దరికీ ఒక పని అప్పజెప్పాడు. ఒకే మనిషి రక్తాన్ని ఇద్దరూ చెరో ప్లేటులో పోయాలి, ఎవరికి తోచిన పద్ధతి వాళ్లు చేయాలి. నెల తర్వాత ఎవరి చుక్కలు బాగుంటే వాళ్ల పద్ధతే సంస్థ ల్యాబులన్నింటికీ పోతుంది, వాళ్ల పేరుతోనే.

వాళ్ల పేరుతోనే అన్న మాట దగ్గర మల్లీశ్వరికి చెవులు నిక్కబొడుచుకున్నాయి. కణాలు పోయకముందే ప్లేటునూ, పోసే నీళ్లనూ వెచ్చబెట్టడం ఆమె పద్ధతి. గీత మాత్రం ప్రతాప్‌కు జొన్నరొట్టెలు చుట్టే ఫాయిల్ కాగితం తెచ్చి ప్లేటుకు చుట్టింది. రొట్టె అంచూ నడుమా ఒక్కలాగే వెచ్చగా ఉంటుంది కదా, ఇదీ అంతే అంది. మల్లీశ్వరి పడీ పడీ నవ్వింది.

ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. గీత గుంటల్లో చుక్కలు ఆవాలు చల్లినట్టు గుండ్రంగా, విడివిడిగా వచ్చాయి. మల్లీశ్వరి చుక్కలకు మసక పోయింది కానీ, ఇదివరకు లేని తోకలు మొలిచాయి. ఆ సంగతి ఇంటికి కూడా పాకింది. అత్త భీమమ్మ పొయ్యి ముందు కూర్చుని, "మన గీత చెయ్యి మస్తు సాఫ్ అట గదనే" అంది, అదీ మల్లీశ్వరి వైపు చూస్తూ. ఆ రోజు నుంచి గీత చేసేవన్నీ మల్లీశ్వరికి కిట్టకుండా పోయాయి. గీత స్కూటీ నడపడం, తాను వెనక కూర్చోవడం, గీత జడ, గీత కూనిరాగం, చివరికి గీత "అక్కా" అని పిలిచే పిలుపు కూడా.

పైకి నవ్వినా, ఇందులో ఏదో కిటుకు ఉంది, ఉత్త కాగితం కాదు, అని మొదటి రోజు నుంచే ఆమెకు అనుమానం. రోజూ సాయంత్రం ప్లేట్లు డబ్బాలో పెట్టాక గీత స్కూటీ తీయడానికి బయటికి పోయేది. ఆ కాస్త సందులో మల్లీశ్వరి తలుపు తెరిచేది. గీత ప్లేటు లోపల, తనది ముందు. తన ప్లేటును పక్కకు జరిపి, వంగి, యారాలి ప్లేటును నిలువునా చూసేది. కాగితం ఎన్ని మడతలేసింది? కింద ఏమన్నా పెట్టిందా? ఏమీ ఉండేది కాదు. ఏమీ లేకపోవడంతో అనుమానం ఇంకా పెరిగేది, మర్నాడు మళ్లీ తెరిచేది. గీత ప్లేటు మీద మాత్రం చిటికెనవేలు కూడా పెట్టలేదు. ఆ మాటకొస్తే తన నిజాయితీకి తానే మురిసిపోయింది. తన ప్లేటంటారా, పసిపిల్లను జరిపినంత మెల్లగా జరిపేది. ఖేడ్ మొత్తానికి తేలికైన చేయి కదా!

నెల చివర్లో ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ బోరంచ నల్లపోచమ్మ మొక్కుకు బయల్దేరారు. మల్లీశ్వరి భర్త దుర్గేశ్ ఆటో తెచ్చి ల్యాబ్ ముందే హారన్ కొడుతూ కూర్చున్నాడు. ఇద్దరూ ప్లేట్లు పెట్టి, కలిసే పరుగెత్తారు. డబ్బా తెరవడానికి సందు దొరకలేదు.

మర్నాడు రంగు వేశాక ముందు చూసింది గీతే. "అక్కా! గిటు రా జల్దీ! నీయి నాకన్న మంచిగొచ్చినయ్!" అని అరిచింది. నిజమే. అంచుల దాకా గుండ్రటి చుక్కలు, ఒక్కదానికీ తోక లేదు. మల్లీశ్వరి ఆ ప్లేటును చూస్తూ నిలబడిపోయింది. నెలంతా తన చుక్కలను పాడుచేసింది ఎవరో అప్పుడు తెలిసింది. దానికన్నా ఎక్కువ మండించింది గీత మొహంలోని సంతోషం. పిల్లకు కుళ్లుకోవడం కూడా రాదా?

సుధాకర్ వచ్చి ప్లేట్లన్నీ ముందేసుకున్నాడు. "నెలంత చూస్తే గీతదే మంచిగున్నది. గీ ఒక్క ప్లేటు మాత్రం గీతను దాటిపోయింది. గా దినం వేరేగ ఏం చేసినవమ్మా మల్లీశ్వరీ?"

చెప్పకపోతే తన పద్ధతి అక్కడితో సరి. చెబితే యారాలి ముందు పరువు పోతుంది.

"గా దినం డబ్బ తెరువలే సార్."

"అంటే, రోజూ తెరిచినవా? ఎందుకు?"

పక్కనుంచి గీత అందుకుంది. "గర్మి సరిగ్గున్నదా లేదా అని చూస్తది సార్. సీనియర్ గదా, అక్కకే ఫికర్ ఎక్కువ."

వెచ్చదనం ఎంతుందో తలుపు బయటే ఎర్ర అంకెల్లో కనపడుతుంది. తెరిచి చూడాల్సిన పనే లేదు. ఆ సంగతి సుధాకర్‌కు తట్టలేదు, లేదా తట్టినా ఊరుకున్నాడు. గీతకు మాత్రం బాగా తెలుసు. అంటే అన్నీ తెలుసన్నమాట. ఎన్నాళ్లుగా తెలుసో! తెలిసీ ఒక్క మాట అనలేదు, ఇప్పుడు పైగా కాపాడుతోంది. మంచితనంలోనూ అదే ముందుందని మల్లీశ్వరికి ఒళ్లు మండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి దేనికో ఆమెకే తెలియలేదు.

"అయితే ఇంకో నెల చేద్దాం, ఇద్దరి పద్ధతులూ," అన్నాడు సుధాకర్. "డబ్బకు తాళం వేయండి. పెట్టినంక తెల్లారేదాక ఎవరూ తెరువొద్దు. తాళంచెవి సీనియర్ దగ్గరుంటది." బజారు నుంచి అప్పటికప్పుడు తాళం తెప్పించి, చెవి ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రం ప్లేట్లు లోపల పెట్టారు. మల్లీశ్వరి తాళం వేసింది. గీత బండి తీయడానికి బయటికి నడిచింది. గదిలో తానూ, డబ్బా మాత్రమే మిగిలారు. ఒక్కసారి, ఈ ఒక్కసారి చూస్తే ఏమైతది అనిపించింది. ఇంత జరిగాక కూడా! చెవి తాళం దాకా పోయింది. అప్పుడు ఆమెకు తన మీద తనకే భయం వేసింది.

గబగబా బయటికొచ్చి స్కూటీ మీదున్న గీత చేతిలో తాళంచెవి కుక్కింది.

"గిది నీ దగ్గరే పెట్టుకో. నా దగ్గరుంటె మళ్ల తెరుస్త."

గీత బండి ఆపు చేసింది. "తెల్లారేదాక అండ్ల ఏం కనవడదు గదక్కా. రోజూ తెరిచి ఏం చూస్తున్నవ్?"

"నిన్ను," అంది మల్లీశ్వరి.